నడుము, బుగ్గలు, పాదాలు: పాత చైనాలో ఆడవారి అందానికి పెట్టిన కొలతలు

ఈ స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. "జ్ఞాపకాలు అందరూ రాస్తున్నారు మేడమ్, మీరు ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పారు కదా, మీ సబ్జెక్టులో ఏదైనా రాయండి" అన్నారు. సరేనని ఒప్పుకున్నాను గాని, విషయం తేలక రోజులు గడిచాయి. ఇంతలో వాళ్లే మా పదో తరగతి గ్రూప్ ఫోటో వాట్సాప్‌లో పంపి, వరుసవారీగా పేర్లు రాసి పంపమన్నారు.

కళ్లజోడు సవరించుకుని కూర్చున్నాను. ముందు కుర్చీల్లో గురువులు, వెనక బెంచీల మీద మగపిల్లలు, మధ్యలో రెండు జడలు, రిబ్బన్లతో మేము. ఒక్కొక్క పేరే రాసుకుంటూ పోయి మా వరుస చివర నిలబడ్డ అమ్మాయి దగ్గర ఆగిపోయాను. ముఖం బాగా గుర్తుంది. ముత్యాల్లాంటి చేతిరాత గుర్తుంది. ఆమె నోట్సు తెచ్చుకుని నేను ఎక్కించుకున్న రోజులూ గుర్తున్నాయి. పేరు మాత్రం రాలేదు. నాలుక మీదికి వచ్చింది మేం పెట్టిన పేరు. ఆమె కాస్త లావుగా ఉండేది. ఏడో తరగతిలో ఎవరో సరదాకి అన్న మాట పదో తరగతికల్లా ఆమె పేరైపోయింది. మొదట్లో ఆటల పీరియడ్‌కు అందరికంటే ముందు గ్రౌండ్‌లో ఉండే పిల్ల, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి తలనొప్పి అని చెప్పి క్లాసులోనే కూర్చునేది. ఆ పేరు ఇక్కడ రాయను. మా బ్యాచ్ వారికి రాయనక్కర్లేదు కూడా.

నా వ్యాసానికి విషయం అలా దొరికింది. ఆడవారి ఒంటికి లోకం పెట్టే కొలతలు ఎంత స్థిరమైనవో చూడాలంటే చైనా చరిత్రను మించిన పాఠం లేదు. రెండున్నర వేల ఏళ్లకు పైగా రాతలు, బొమ్మలు, సమాధులు అక్కడ మిగిలి ఉన్నాయి. కొలత ఎప్పుడు ఎలా మారిందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

షియాన్‌లో చూసిన బొమ్మలు

కొన్నేళ్ల కిందట మా అబ్బాయి ఉద్యోగరీత్యా షాంఘైలో ఉన్నప్పుడు నేనూ చైనా వెళ్లాను. చరిత్ర చెప్పినదాన్ని, షియాన్ చూడకుండా ఎలా వస్తాను? దాని పాత పేరు చాంగాన్. 618 నుంచి 907 దాకా ఏలిన టాంగ్ వంశానికి రాజధాని. మన సాంఘిక శాస్త్రం పుస్తకంలో వీపున పెద్ద బుట్ట మోస్తూ నడిచే బౌద్ధ భిక్షువు బొమ్మ గుర్తుందా? ఆయనే హుయాన్‌త్సాంగ్. మన ధాన్యకటకం దాకా వచ్చి, ఎన్నో గ్రంథాలు సేకరించుకుని, 645లో తిరిగి చేరుకున్నది ఆ ఊరికే.

అక్కడి మ్యూజియంలో గాజు అరల వెనక వరుసగా మట్టి బొమ్మలు ఉన్నాయి. చనిపోయిన పెద్దింటివారి సమాధుల్లో పెట్టినవి. ఒక అరలో ఆడవారి బొమ్మలు సన్నగా, రివటల్లా, బిగుతైన రవికెలతో ఉన్నాయి. కొంచెం ముందుకు వెళ్తే మరో అర. అందులోని ఆడవారికి పూరీల్లా పొంగిన బుగ్గలు, గడ్డం కింద మడత, ఒక పక్కకు ఒరిగిన పెద్ద కొప్పు, వదులుగా వేలాడే గౌను, దాని కింద గుండ్రని పొట్ట. ఒక బొమ్మ తల కాస్త పక్కకు వాల్చి, తన అందం తనకు తెలిసినట్టు నవ్వుతోంది. రెండు అరలూ టాంగ్ కాలానివే. మధ్యలో వందేళ్లు కూడా గడవలేదు.

ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. మా తరగతి అమ్మాయి చాంగాన్‌లో 750 ప్రాంతంలో పుట్టి ఉంటే చిత్రకారులు ఆమె ఇంటి ముందు వరుస కట్టేవారు. మమ్మల్ని చూసి, పాపం తిండి లేని పిల్లలు అనుకునేవారు.

పొడగరి రాకుమారి

చైనా వారి అతి ప్రాచీన కవితా సంకలనం "షి జింగ్". అందులోని పాటలు క్రీ.పూ. 11 నుంచి 7వ శతాబ్దాల మధ్యవని పండితుల అంచనా. వెయ్ రాజ్యానికి కోడలిగా వచ్చిన ఝువాంగ్ జియాంగ్ అనే రాకుమారి మీద అందులో ఒక పాట ఉంది. ఆ పాట ఆమెను మెచ్చుకునే మొదటి గుణం ఏమిటో తెలుసా? పొడుగ్గా, భారీగా ఉండటం. ఆ తర్వాతే మిగతావి. మన కవులు మెడను శంఖంతో పోలిస్తే అక్కడి కవి చెట్టులో ఉండే తెల్లని పురుగుతో పోల్చాడు. చర్మానికి పేరుకున్న కొవ్వు పోలిక. కనుబొమలకు చిమ్మెట మీసాల పోలిక. ఈ చివరిది మాత్రం వేల ఏళ్లు నిలిచింది. చైనాలో అందగత్తె అనడానికి చిమ్మెట కనుబొమలు అనడం ఒక వాడుకైపోయింది.

పొలం పనీ పురుళ్లూ ఆడదాని బతుకుగా ఉన్న కాలం అది. పుష్టిగా, ఎత్తుగా ఉన్న మనిషి అందంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

చూ రాజుగారి నడుము ముచ్చట

తర్వాతి కథ చైనాలో చదువుకున్న పిల్లలందరికీ తెలిసినదే. దక్షిణాన చూ అనే రాజ్యాన్ని క్రీ.పూ. 540 నుంచి 529 దాకా లింగ్ రాజు ఏలాడు. ఆయనకు సన్నని నడుములంటే ఇష్టం. ఆ ఇష్టం తెలిసిన కొలువువారు రోజుకు ఒక్కపూటే తినేవారట. ఊపిరి పూర్తిగా వదిలి అప్పుడు నడికట్టు బిగించేవారట. గోడ పట్టుకుంటే గాని లేవలేకపోయేవారట. ఏడాది తిరిగేసరికి కొలువంతా ముఖాలు నల్లబడిపోయాయని మోజి అనే తాత్వికుడి పేరున్న గ్రంథం చెబుతుంది.

ఈ కథలో నేను క్లాసులో ప్రతిసారీ ఆగి చెప్పే విషయం ఒకటుంది. మోజి చెప్పిన ఆ కొలువువారు మగవాళ్లు. మంత్రులు, ఉద్యోగులు. పైవాడి ఇష్టాన్ని బట్టి కిందివాళ్లు ఎలా మారిపోతారో చూపడానికి ఆయన ఈ కథ చెప్పాడు. ఆరు వందల ఏళ్ల తర్వాత, హాన్ వంశ కాలంలో, మా లియావో అనే అధికారి రాజమాతకు పెట్టుకున్న విన్నపంలో ఇదే కథ మళ్లీ వస్తుంది. అప్పటికి ఆకలి చావులు రాజుగారి అంతఃపురంలోకి చేరిపోయాయి. ఆపై వచ్చిన కవులు ఆ సన్నని నడుములను పూర్తిగా రాణివాసపు ఆడవారికే కట్టబెట్టారు. నడుము సన్నం చేసుకోవడానికి మాడి చచ్చినది మంత్రులన్న సంగతి లోకం మరిచిపోయింది.

అదే విన్నపంలో మా లియావో రాజధాని జనం చెప్పుకునే మరో మాట కూడా ఎత్తి చూపాడు. నగరంలో ఎత్తు కొప్పు ముచ్చటైతే పల్లెల్లో అది మూరెడు పెరుగుతుందని, నగరంలో వెడల్పు కనుబొమలు దిద్దితే పల్లెల్లో సగం నుదురు కప్పేస్తాయని దాని సారాంశం. నగరం వేషాలు మన ఊరికి వచ్చేసరికి ఎలా పెరిగేవో చూసిన వాళ్లం కదా, దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఎగిరే పిచ్చుక, చరిత్ర రాసిన విధవరాలు

హాన్ చక్రవర్తి చెంగ్ కొలువుకు ఝావో ఫెయ్‌యాన్ వచ్చింది. పేదింటి పిల్ల. ఒక రాకుమారి ఇంట్లో ఆటపాటలు నేర్చుకుంది. ఒళ్లు ఎంత తేలికంటే, ఎగిరే వాన పిచ్చుక అనే అర్థం వచ్చే ఫెయ్‌యాన్ అన్న పేరు ఆమెకు స్థిరపడింది. మనిషి అరచేతిలో నిలబడి నాట్యం చేసేదని తర్వాతి వారు కథలు అల్లారు. క్రీ.పూ. 16లో పట్టపురాణి అయింది. చక్రవర్తి పోయాక ఆరేళ్లకు, క్రీ.పూ. 1లో, పదవులన్నీ ఊడబెరికి ఆమెను మామూలు మనిషిని చేశారు. అదే రోజుల్లో ప్రాణం తీసుకుంది. మెచ్చుకున్న అందాన్నే రాజ్యానికి పట్టిన శని అనడం చైనా చరిత్రకారులకు అలవాటు. ఫెయ్‌యాన్‌కూ ఆ నింద తప్పలేదు.

హాన్ వంశపు చరిత్ర "హాన్ షు" పూర్తి కాకుండానే దాన్ని రాస్తున్న బాన్ గు క్రీ.శ. 92లో చెరసాలలో చనిపోయాడు. మిగిలిన భాగాన్ని పూర్తిచేసే పని ఆయన చెల్లెలు బాన్ ఝావో చేపట్టింది. చిన్న వయసులోనే భర్త పోయిన ఆమె, అంతఃపురంలో రాణులకు చదువు చెప్పిన గురువు. ఆడపిల్లలకు హితవుగా ఒక చిన్న పుస్తకం కూడా రాసింది. అణకువ, విధేయత అంటూ చెప్పిన వాటిలో చాలావరకు ఈనాడు మనం ఒప్పుకోలేం. ఆడదాని రూపం గురించి ఆమె రాసిన దానికి మాత్రం చెవి ఒగ్గాలి. రూపం అంటే అందమైన ముఖం కానక్కర్లేదని, బట్టలు ఉతికి శుభ్రంగా ఉంచుకోవడం, వేళకు స్నానం చేయడం చాలని ఆమె లెక్క. క్రీ.శ. 100 ప్రాంతంలో ఒక ఆడమనిషి చెప్పిన కొలత ఇది. సబ్బూ నీళ్లూ ఉంటే ఎవరైనా అందుకోగలిగినది. లోకం దాన్ని పట్టించుకోలేదు.

బొద్దుతనం రాజ్యమేలిన రోజులు

టాంగ్ కాలానికి తిరిగి వద్దాం. చాంగాన్ అప్పటి ప్రపంచంలో అతి పెద్ద నగరాల్లో ఒకటి. పట్టు దారి వెంట పర్షియన్లు, సోగ్డియన్లు, తురుష్కులు వచ్చి స్థిరపడ్డారు. టాంగ్ వంశీకుల్లోనే ఉత్తరపు గుర్రపు జాతుల రక్తం కలిసి ఉంది. ఆ కాలపు బొమ్మల్లో ఆడవారు గుర్రాల మీద కూర్చుని పోలో ఆడుతూ కనిపిస్తారు. మగవారి అంగీలు, బూట్లు తొడుక్కుని కనిపిస్తారు. 690 నుంచి 705 దాకా చైనా సింహాసనం మీద స్వయంగా చక్రవర్తిగా కూర్చున్నది వు జెతియెన్ అనే స్త్రీ. ఆమె కూతురు తాయ్‌పింగ్ రాకుమారి ఒళ్లు నిండుగా, వెడల్పు నుదురు, పెద్ద దవడలతో ఉండేదని, అచ్చం తన పోలికేనని తల్లి మురిసిపోయేదని టాంగ్ చరిత్ర గ్రంథం చెబుతుంది.

706లో కట్టిన యొంగ్‌తాయ్ రాకుమారి సమాధి గోడల మీద చెలికత్తెలు ఇంకా సన్నగానే ఉన్నారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే బుగ్గలు నిండాయి, దుస్తులు వదులయ్యాయి. ఝాంగ్ షువాన్, ఝౌ ఫాంగ్ అనే చిత్రకారుల పేర్లు ఈ నిండైన ఆడవారి చిత్రాలతోనే ముడిపడ్డాయి. కొప్పులో పెద్ద పువ్వు పెట్టుకుని, పలుచని పట్టు పైట వేసుకుని, కుక్కపిల్లతో ఆడుకునే ఆడవారి చిత్రం ఒకటి ఝౌ ఫాంగ్ పేరు మీద షెన్‌యాంగ్ నగరపు మ్యూజియంలో ఉంది. అందులో ఎవరికీ తొందర లేదు. ఎవరూ పొట్ట లోపలికి పీల్చుకోవడం లేదు.

ఈ అందానికి పెట్టిన పేరు యాంగ్ యుహువాన్. లోకానికి యాంగ్ గుయిఫెయ్‌గా తెలుసు. గుయిఫెయ్ అంటే చక్రవర్తి భార్యల్లో పెద్ద హోదా, 745లో ఇచ్చారు. 719లో పుట్టిన ఆమె మొదట షువాన్‌జోంగ్ చక్రవర్తి కొడుకుకు భార్య. చక్రవర్తి ఆమెను చూసి మోహించి, కొన్నాళ్లు సన్యాసిని వేషంలో ఉంచి, తన అంతఃపురానికి తెచ్చుకున్నాడు. ఒళ్లు నిండుగా, పాటలో ఆటలో దిట్ట అని గ్రంథాలు ఆమెను వర్ణిస్తాయి. ఆమె తరపు బంధువులు పెద్ద పదవులు ఎక్కారు. 755లో ఆన్ లుషాన్ అనే సేనాని తిరుగుబాటు చేశాడు. మరుసటి ఏడు రాజధాని విడిచి పారిపోతుండగా మావెయ్ అనే మజిలీలో సైనికులు ఎదురు తిరిగారు. ఆమె చావనిదే కదలమన్నారు. చక్రవర్తి తలవంచాడు. ఆమెకు ఉరి బిగించి చంపారు. అప్పటికి ముప్పై ఏడేళ్లు.

సన్నని ఫెయ్‌యాన్‌కూ బొద్దు యుహువాన్‌కూ మధ్య ఏడున్నర వందల ఏళ్లు. కొలతలు పూర్తిగా ఎదురుబొదురు. ఇద్దరినీ ఆకాశానికి ఎత్తారు, రాజ్యం కష్టాల్లో పడగానే ఇద్దరి అందాన్నీ దోషం చేశారు. తర్వాతి కాలంలో వీరిద్దరి పేర్లు కలిపి చైనాలో ఒక జాతీయం పుట్టింది. లావుది లావు అందం, సన్నది సన్న అందం, దేనికదే సాటి అని దాని భావం. సాంగ్ కాలపు మహాకవి సు షి ఒక పద్యంలో ఈ ఇద్దరినీ జత చేశాడు. తమాషా ఏమిటంటే ఆయన అక్కడ మాట్లాడుతున్నది చేతిరాత గురించి. సన్నని గట్టి అక్షరాలే గొప్ప అన్న పాత అభిప్రాయాన్ని కాదంటూ, లావు అక్షరానికీ తన అందం ఉంటుందని చెప్పడానికి వీరి పేర్లు వాడాడు. అక్షరాలకు దక్కిన ఆ ఉదారత ఆయన కాలంలో పుట్టిన ఆడపిల్లలకు దక్కలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ఎముకలోకి దిగిన కొలత

ఇప్పటిదాకా చెప్పిన కొలతలన్నిటికీ ఒక గుణం ఉంది. కొప్పు విప్పేయవచ్చు. కనుబొమ తుడిచేయవచ్చు. తిండి మానినవాళ్లు మళ్లీ తినవచ్చు. పదో శతాబ్దం ప్రాంతంలో మొదలైన కొత్త ముచ్చటకు ఆ వెసులుబాటు లేదు. అదే పాదాలు కట్టడం.

దక్షిణ టాంగ్ రాజు లి యు కొలువులో యావ్‌నియాంగ్ అనే నర్తకి పాదాలకు పట్టుగుడ్డ చుట్టుకుని బంగారు తామర మీద ఆడిందని, అక్కడి నుంచే ఈ ఆచారం పాకిందని కథ. కథ మాట ఎలా ఉన్నా, సాంగ్ వంశపు రోజుల్లో (960–1279) ఇది పెద్దింటి ఆడవారిలో వ్యాపించింది. అప్పటికి అందం రుచి కూడా మారింది. గుర్రపు స్వారీ చేసే నిండు మనిషి స్థానంలో సన్నగా, నాజూగ్గా, ఇల్లు కదలని మనిషి వచ్చింది. 1975లో ఫుఝౌ నగరంలో హువాంగ్ షెంగ్ అనే ఆమె సమాధి బయటపడింది. రాజబంధువుకు భార్య. 1243లో పదిహేడేళ్లకు చనిపోయింది. సమాధిలో వందల కొద్దీ పట్టు వస్త్రాలతో పాటు ఆమె చెప్పులు దొరికాయి. పొడవు 13.3 నుంచి 14 సెంటీమీటర్లు. మన జామెట్రీ బాక్సులో స్కేలు 15 సెంటీమీటర్లు ఉండేది, గుర్తు చేసుకోండి. తర్వాతి కాలంలో ఆదర్శం ఇంకా కుదించుకుపోయింది. మూడు అంగుళాల బంగారు తామర అన్నారు. చైనా అంగుళాల్లో మూడు, అంటే మన లెక్కలో 10 సెంటీమీటర్లు.

అయిదారేళ్ల పిల్లను కూర్చోబెట్టి, పాదాలు వేడినీళ్లలో నానబెట్టి, బొటనవేలు వదిలి మిగతా నాలుగు వేళ్లనూ అరికాలి కిందికి మడిచి, పొడవాటి గుడ్డతో బిగించేవారు. తర్వాత మడమనూ మునివేళ్లనూ దగ్గరికి లాగి మళ్లీ బిగించేవారు. మధ్యలో పాదం విల్లులా వంగి విరిగేదాకా రెండు మూడేళ్లు ఇది సాగేది. కట్టిన కాళ్లతోనే నడిపించేవారు. చీము పట్టేది. వేళ్లు కుళ్లి రాలిపోయేవి. రక్తం విషమై పిల్లలు చనిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ గుడ్డ కట్టింది ఎవరు? రాజు కాదు, భర్త కాదు. కన్నతల్లి. లేదంటే అమ్మమ్మ, నాయనమ్మ. కాళ్లు పెద్దవైతే మంచి సంబంధం రాదన్న భయంతో, పిల్ల ఏడుస్తుంటే తానూ ఏడుస్తూ కట్టింది. తన పాదాలు తన తల్లి కట్టినవే కాబట్టి ఆ నొప్పి ఎంతో ఆమెకు తెలుసు. తెలిసీ కట్టింది. ఇన్నేళ్లు చరిత్ర చెప్పాను గాని, ఈ ఒక్క చోట నా గొంతు ప్రతిసారీ తడబడేది.

పెళ్లి ఒక్కటే కారణం కాదని కూడా ఈమధ్య పరిశోధకులు అంటున్నారు. లారెల్ బోసెన్, హిల్ గేట్స్ అనే ఇద్దరు పల్లెల్లో మిగిలి ఉన్న సుమారు 1800 మంది వృద్ధ స్త్రీలతో మాట్లాడించి 2017లో ఒక పుస్తకం వెలువరించారు. చిన్నపిల్లలను ఒకచోట కూర్చోబెట్టి నూలు వడకడం, నేయడం లాంటి చేతిపనులు చేయించుకోవడానికి కూడా ఇది పనికొచ్చిందని, మిల్లు నూలు వచ్చి ఆ పనికి విలువ పోయాక ఆచారం త్వరగా సడలిందని వారి వాదన. అందం పేరు చెప్పి చాకిరీ చేయించుకున్నారన్నమాట.

అందరూ కట్టలేదు. పొలం పనులు చేసే హక్కా జాతి ఆడవారు కట్టలేదు. 1644 నుంచి చైనాను ఏలిన మంచూలు తమ ఆడవారిని కట్టనివ్వలేదు. హాన్ చైనీయుల్లో కూడా మాన్పించాలని 1660లలో నిషేధం పెట్టి, జనం వినకపోయేసరికి కొద్ది ఏళ్లకే ఎత్తేశారు. చక్రవర్తి ఆజ్ఞ కన్నా పెళ్లిసంబంధం బలమైనదని తేలింది.

కాదన్నవారు

అన్యాయం సాగినన్నాళ్లూ ఎవరూ నోరు విప్పలేదని అనుకోకండి. 13వ శతాబ్దంలోనే చె రువోషుయ్ అనే పండితుడు, ఏ పాపం తెలియని నాలుగైదేళ్ల పిల్లలకు ఇంత బాధ ఎందుకు పెడుతున్నారో, దాని వల్ల ప్రయోజనమేమిటో తనకు అర్థం కావడం లేదని రాశాడు. 19వ శతాబ్దం మొదట్లో లి రూఝెన్ అనే రచయిత "జింగ్ హువా యువాన్" అనే నవల రాశాడు. అందులో లిన్ అనే వ్యాపారి ఆడవాళ్లు ఏలే దేశానికి సరుకు అమ్ముకోవడానికి వెళ్తాడు. అక్కడి రాజు ఒక స్త్రీ. లిన్ ఆమెకు నచ్చుతాడు. ఇంకేముంది, అతన్ని అంతఃపురంలో చేర్చి, చెవులు కుట్టి, ముఖానికి పొడి పూసి, పాదాలు కట్టడం మొదలుపెడతారు. గడ్డం ఉన్న మగవాడు నొప్పికి గోల పెడుతుంటే పాఠకుడు మొదట నవ్వుతాడు. కాసేపటికి నవ్వు ఆగిపోతుంది. ఉపన్యాసాలకు వినని మగవారు ఆ ఒక్క అధ్యాయం చదివి ఉంటే చాలు అనిపిస్తుంది.

19వ శతాబ్దం చివరికి మార్పు ఊపందుకుంది. సంస్కర్త కాంగ్ యూవెయ్ తన కూతుళ్ల పాదాలు కట్టనివ్వలేదు. 1895లో షాంఘైలో సహజ పాదాల సంఘం పుట్టింది. ఇలాంటి సంఘాలు కనిపెట్టిన మందు చాలా తెలివైనది. సభ్యులు రెండు ప్రమాణాలు చేయాలి. మా కూతుళ్ల పాదాలు కట్టం, కట్టిన పాదాల పిల్లను కోడలిగా తెచ్చుకోం. ఒక్క తల్లే మానేస్తే ఆమె కూతురికి పెళ్లి కాదు. ఊరంతా కలిసి మానేస్తే ఎవరికీ నష్టం లేదు. చ్యూ జిన్ అనే విప్లవకారిణి తన పాదాల కట్లు తానే విప్పుకుని 1904లో చదువుకు జపాన్ వెళ్లింది, 1907లో ఉరికంబం బదులు కత్తికి తల ఒగ్గింది. 1912లో కొత్త రిపబ్లిక్ ఈ ఆచారాన్ని నిషేధించింది. మారుమూల పల్లెల్లో మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇందులో ఒక చేదు కూడా ఉంది. నిషేధం వచ్చాక తనిఖీ మనుషులు ఇళ్లకు వచ్చి, కట్లు విప్పించి, జరిమానాలు వేశారు. నిన్నటిదాకా ఏ పాదాలను చూసి ఊరు మెచ్చుకుందో, ఇవాళ వాటినే చూసి సిగ్గుచేటు అంది. విరిగి అతుక్కున్న ఎముక కట్టు విప్పితే తిరిగి సాగదు. అందంగా ఉండమన్నప్పుడూ వాళ్లే భరించారు, ఆధునికంగా ఉండమన్నప్పుడూ వాళ్లే భరించారు. 1997లో వెలువడిన ఒక వైద్య పరిశోధన బీజింగ్‌లోని ముసలివారిని పరీక్షించింది. చిన్నప్పుడు పాదాలు కట్టించుకున్నవారు ఎక్కువగా పడిపోతున్నారని, గొంతుకూర్చోలేకపోతున్నారని, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవలేకపోతున్నారని అందులో తేలింది. ఏడెనిమిది దశాబ్దాల కిందట కట్టిన గుడ్డ అది.

మళ్లీ మా తరగతి ఫోటో

ఫోటోలో పేరు కోసం మా బ్యాచ్‌లో మరో స్నేహితురాలికి ఫోన్ చేశాను. "మా వరుసలో చివర అమ్మాయి పేరేమిటే?" అంటే, ఆమె నోటి వెంట మొదట వచ్చిందీ ఆ పాత పేరే. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆలోచించి అసలు పేరు చెప్పింది. రెండు రోజులు వాకబు చేసి ఫోన్ నంబరు కూడా సంపాదించింది.

మాట్లాడాను. నన్ను గొంతుతోనే గుర్తుపట్టింది. పిల్లలు, మనవలు, మోకాళ్ల నొప్పులు, అన్నీ అయ్యాక అసలు విషయం ఎత్తాను. ఆ పేరుతో నేనూ పిలిచానని, తప్పయిందని చెప్పాను. "ఎవరెవరు పిలిచారో నాకు గుర్తులేదు. పేరు గుర్తుంది" అంది. ఇన్నేళ్లలో మన సంఘం సమావేశాలకు ఒక్కసారీ ఎందుకు రాలేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఫోన్ పెట్టేసే ముందు ఒక్కటే అడిగింది.

"ఫోటో కింద ఏ పేరు వేస్తున్నారు?"

"నీ పేరే" అన్నాను. స్వర్ణోత్సవానికి రమ్మన్నాను. చూస్తానంది.

చైనా తల్లుల చేతిలో గుడ్డకూ, మా నోట్లో ఆ మాటకూ పోలిక పెట్టడం పెద్ద మాటే కావచ్చు. ఆ బాధ ముందు ఇది ఎంత అని మీరు అనవచ్చు, ఒప్పుకుంటాను. కానీ గుడ్డ చుట్టినవారు పరాయివారు కానట్టే, పేరు పెట్టిన మేమూ ఆమెకు పరాయివాళ్లం కాదు. పక్క బెంచీవాళ్లం. ఇప్పుడు మన బడిలో పాఠాలు చెబుతున్న గురువులకు నాదొక మనవి. హుయాన్‌త్సాంగ్ పాఠం వచ్చినప్పుడు, ఆయన తిరిగి వెళ్లిన ఊరి ఆడవారి బొమ్మల గురించి ఒక్క అయిదు నిమిషాలు చెప్పండి. ఫోన్‌లో ఆ ఫోటోలు తీసి పిల్లలకు చూపించండి. క్లాసులో చివరి బెంచీలో తలవంచుకుని కూర్చున్న పిల్ల ఎవరైనా ఉంటే తలెత్తి చూస్తుంది.

మా పదో తరగతి ఫోటో ఈ సంచికలోనే ఉంది. మా వరుసలో చివరి పేరు దయచేసి చదవండి. సభ రోజు ఆమె వస్తే ఆ పేరుతోనే పిలవండి.